గొర్రెలు తొక్కని కట్ట

నల్లగుండ్ల వంకకు కట్ట వేయాలని జిల్లా బోర్డు తీర్మానం చేయడం అది మూడోసారి. మొదటి రెండు కట్టలూ కంట్రాక్టర్లు వేసినవే. ఒకటి రెండేళ్ళు నిలిచింది, రెండోది రెండు నెలలు కూడా నిలవలేదు. వేసిన కంట్రాక్టర్లు మాత్రం నిక్షేపంగా నిలిచారు. వాళ్ళలో ఒకడు కర్నూలులో మిద్దె మీద మిద్దె లేపాడు. అందుకని ఈసారి బోర్డువారికి కొత్త ఆలోచన తట్టింది. కంట్రాక్టరు వద్దు, మనమే నెలజీతానికి ఒక మనిషిని పెట్టుకొని పని చేయిద్దాం అన్నారు. కూలీలను పెట్టేదీ, పని చెప్పేదీ, కొలిచేదీ, నాణ్యం చూసేదీ అతనే. కట్టలో అతనికి లాభమూ లేదు, నష్టమూ లేదు, కనక దొంగబుద్ధి పుట్టడానికి చోటే లేదన్నారు. వినడానికి ఎంతో బాగుంది. బోర్డు మీటింగుల్లో వినడానికి బాగుండని మాట ఎప్పుడు పుట్టింది గనక!

అట్లా దొరికిన మనిషి జ్ఞానరాజు. కడప దిక్కు మిషను బడిలో తాపీపని నేర్చి, ఇరవై అయిదేళ్ళు ఊరూరా తిరిగి వంతెనలకూ బావులకూ మేస్త్రీగా పనిచేసినవాడు. ముక్కుసూటి మనిషి. సున్నంలో ఇసుక ఎక్కువ కలిపారని కట్టిన గోడను దగ్గరుండి పడగొట్టించి, ఇద్దరు కంట్రాక్టర్ల దగ్గర పని పోగొట్టుకొన్నాడు. నలభై ఎనిమిదేళ్ళ బతుకులో అతను సంపాదించింది ఆ పేరు ఒక్కటే. అది చూసే బోర్డు పిలిచింది. బయలుదేరేటప్పుడు భార్య ప్రేమమ్మ చద్దిమూట చేతికిస్తూ, "ఈసారన్నా ఎవురితోనూ కొట్లాడొద్దు" అంది.

"కొట్లాడేదానికి ఈసారి కంట్రాక్టరు యాడుండాడే? అంతా నా చేతుల్లోనే ఉండాది" అన్నాడు జ్ఞానరాజు. అతను అంత సంతోషంగా పనికి బయలుదేరడం ఆమె అంతకుముందు చూడలేదు.

నల్లగుండ్ల కోసిగికి అవతల ఆమడ దూరం. యాభై రెండో సంవత్సరం ఎండాకాలం అది. వానలు తప్పడం వరసగా మూడో ఏడు. పని పెడతారని తెలియగానే చుట్టుపక్కల ఊళ్ళ జనం గంపా పారా తీసుకొని నాలుగు వందల మంది వచ్చి పడ్డారు. కట్ట వేసే చోటుకు దిగువన జొన్నదంటుతో గుడిసెలు వేసుకొన్నారు. ఎగువన గుంతలు తవ్వి, ఆ మట్టి మోసుకొచ్చి కట్ట మీద పోయడం, ఇదీ పని.

గుంతకు నలుగురైదుగురు. కూలి మనిషికి ఇంత అని కాదు, తవ్విన లోతును బట్టి. లోతు తెలియడానికి ప్రతి గుంత నడుమా ఒక మట్టి దిమ్మెను తవ్వకుండా వదిలేస్తారు. దిమ్మె నెత్తిన పాత గడ్డి అట్లాగే ఉండాలి. గడ్డి ఉందంటే అది తవ్వకముందు ఉన్న నేలమట్టం అన్నమాట. అక్కడినుంచి గుంత అడుగుదాకా కర్ర పెట్టి కొలిస్తే లోతు తేలుతుంది. శనివారం శనివారం జ్ఞానరాజు కొలతకర్ర పట్టుకొని ప్రతి గుంతలోకీ తానే దిగేవాడు.

ఇందులో ఒక మోసం ఉంది. మట్టిపని పుట్టినప్పటినుంచీ ఉంది. వేరే చోటునుంచి గడ్డితో సహా మట్టిగడ్డను పెళ్ళగించి తెచ్చి దిమ్మె నెత్తిన కూర్చోబెడితే, దిమ్మె జానెడు పెరుగుతుంది. తవ్వని జానెడూ తవ్వినట్టే కొలతకు వస్తుంది. అట్లాంటి పైగడ్డను పట్టుకోవడంలో జ్ఞానరాజును మించినవాడు లేడు. దిమ్మె చుట్టూ ఒకసారి చెయ్యి పోనిచ్చాడంటే అతుకు ఎక్కడుందో వేళ్ళకు తెలిసిపోయేది. మొదటి వారమే ఇద్దరి గుంతల్లో పట్టుకొని, పైగడ్డలు పీకి బయట పారేసి, నాలుగు చీవాట్లు పెట్టాడు. ఆ తర్వాత ఎవరూ ఆ జోలికి పోలేదు.

ఇక కట్ట సంగతి. పోసిన మట్టిని పోసినట్టే వదిలితే అది కట్ట కాదు, కుప్ప. జానెడు మందం మట్టి పోయాలి, చెలమ నీళ్ళు తోడి చల్లాలి, తొక్కించాలి, ఆ మీద మళ్ళీ జానెడు పోయాలి. రోలరు కావాలని రాస్తే, ఉన్న ఒక్క రోలరూ రోడ్డు పనిలో ఉందని బోర్డునుంచి జవాబు వచ్చింది. జ్ఞానరాజు దిగులుపడలేదు. చిన్న ఈరన్న అనే గొర్రెల కాపరిని పిలిపించి, కరువులో చావగా మిగిలిన అతని రెండు వందల గొర్రెలనూ రోజూ సాయంత్రం కట్ట మీద ఆ కొసనుంచి ఈ కొసకు తిప్పమన్నాడు. గొర్రె గిట్ట సన్నది. మట్టిలోకి దిగి, అడుగునుంచీ గట్టిపరుచుకొంటూ వస్తుంది. మంద దిగిపోయాక జ్ఞానరాజు గడ్డపార తీసుకొని కట్ట మీద ఒక పోటు పొడిచి చూసేవాడు. గడ్డపార దిగకపోతే అతని మొహంలో నవ్వు కనిపించేది. "మేస్త్రప్పకు పెండ్లాం మీద గూడ అంత ప్రేమ ఉండదు" అని ఆడకూలీలు వెనక చేరి ఎగతాళి చేసేవాళ్ళు. అతను విని కూడా విననట్టు ఊరుకొనేవాడు. పద్దెనిమిది అడుగుల కట్టలో కింది సగం అట్లా లేచింది.

రెండో నెలలో, పాత గుంతలు అయిపోయి కొత్తవి తీసేసరికి, అడుగు కిందనే గరుసు తగిలింది. గడ్డపార వేస్తే నిప్పురవ్వలు లేచేవి. తిండి సరిగా లేని చేతులు అవి. రోజంతా పొడిచినా నాలుగు వేళ్ళ లోతు దిగేది కాదు. లోతు లేకపోతే కూలి లేదు. గరుసు నేలకు రేటు పెంచాలని జ్ఞానరాజు బోర్డుకు రాశాడు. ఒప్పుకొన్న రేటు మార్చడానికి వీల్లేదనీ, జీతం మనిషిని పెట్టుకొన్నది ఖర్చు తగ్గడానికేగాని పెరగడానికి కాదనీ జవాబు వచ్చింది. మళ్ళీ రాశాడు. ఈసారి ఆ జవాబు కూడా రాలేదు. కంట్రాక్టరు ఉన్నప్పుడు కనీసం తిట్టుకోవడానికి ఒక మనిషి ఎదురుగా ఉండేవాడు. ఇప్పుడు నాలుగు వందల మందీ అతని మొహం వైపే చూస్తున్నారు.

ఆ శనివారం జ్ఞానరాజు కొలతకని గిడ్డయ్య గుంత దగ్గరికి వచ్చాడు. గిడ్డయ్య, వాడి తల్లి ఈరక్క, పెళ్ళాం సుంకులమ్మ, ముగ్గురిదే ఆ గుంత. నాలుగో మనిషిని పెట్టుకొంటే కూలి పంచుకోవాలి గనక పెట్టుకోలేదు. సుంకులమ్మ గట్టు మీద కూర్చొని ఉంది. ఒళ్ళో అయిదు నెలల మగపిల్లవాడు రొమ్ము పట్టుకొని ఉన్నాడు. పాలు రావడం లేదు. అయినా పిల్లవాడు ఏడవడం లేదు, ఏడ్చే ఓపిక వాడికి లేదు. ఒక్కొక్కసారి నోరు ఆడించి మళ్ళీ ఊరుకొంటున్నాడు.

జ్ఞానరాజు గుంతలో దిగి దిమ్మె చుట్టూ చెయ్యి పోనిచ్చాడు. అతుకు తగిలింది. తలెత్తి చూస్తే ఈరక్క ఎదురుగా నిలబడి ఉంది. చూపు తిప్పుకోలేదు.

"ఈ గడ్డి ఈడిది కాదు గదక్కా" అన్నాడు మెల్లగా.

"కాదప్పా. వంక అవతలిది. నేనే తెచ్చి పెడితి, నా కొడుక్కు తెల్దు" అంది ఆమె. "నాలుగు దినాలు పొడిస్తే జానెడు దిగల్యా. కోడలికి పాలు పడల్యా. పీకి పారేస్తావో, పని తీసేస్తావో, నీ ఇష్టం."

జ్ఞానరాజు చెయ్యి దిమ్మె మీదే ఉంది. ఇరవై అయిదేళ్ళుగా ఆ చెయ్యి ఇట్లాంటి గడ్డలను పీకి పారేస్తూనే ఉంది. గట్టు మీద పిల్లవాడు మళ్ళీ నోరు ఆడించాడు. జ్ఞానరాజు కర్ర నిలబెట్టి కొలిచాడు. నిజానికి తవ్వింది అడుగున్నర. కర్ర రెండుంబావు చూపించింది. రెండుంబావే పుస్తకంలో రాసుకొని, "కొలతకు వచ్చిందే రాసినా" అని గట్టెక్కి పోయాడు. వెనక ఈరక్క రెండు చేతులూ జోడించింది. అతను తిరిగి చూడలేదు.

ఇట్లాంటిది ఒక గుంతలో ఆగదు. పక్క గుంతవాళ్ళకు కళ్ళు లేవా? వచ్చే శనివారానికి ప్రతి దిమ్మె నెత్తినా వంక అవతలి గడ్డే. జ్ఞానరాజు ఒకటీ పీకలేదు. గరుసుకు బోర్డు ఇవ్వవలసింది బోర్డు ఇవ్వలేదు, దిమ్మె ఇస్తోంది, ఇందులో తప్పేముంది అని మనసుకు చెప్పుకొన్నాడు. మనసు కూడా సరేనంది. నెల తిరిగేసరికి గుడిసెల్లో పొయ్యిలు రెండు పూటలా వెలిగాయి, సుంకులమ్మ కొడుకు గుక్కపట్టి ఏడవడం నేర్చుకొన్నాడు. ఆ ఏడుపు వినబడినప్పుడల్లా జ్ఞానరాజుకు కడుపు నిండినట్టుండేది.

అయితే మనసును ఒప్పించినంత సులువుగా మట్టిని ఒప్పించడం కుదరదు. బోర్డు మంజూరు చేసినంత మట్టీ పుస్తకంలో పూర్తయింది. కట్ట మీద మాత్రం పూర్తి కాలేదు. పద్దెనిమిది అడుగుల దగ్గర పాతిన గుర్తుకర్రకు వదులుమట్టి ఎట్లాగో తగిలింది. కాని ఈరన్న మందను మేతకని నెల రోజులు దూరం తోలుకుపోవడంతో పై సగం ఇంకా తొక్కించలేదు. తొక్కిస్తే రెండడుగులు కుంగుతుంది. కుంగితే, తక్కువైన మట్టి ఏమైందని బోర్డు ఇంజనీరు అడుగుతాడు. అడిగి గుంతల్లోకి దిగుతాడు. దిమ్మెలను కర్రతో ఒక్కటి తట్టాడంటే పైగడ్డలు ఊడి పడతాయి. ఆ తర్వాత ఈ నాలుగు వందల మందినీ దొంగలని ఏ కరువు పనిలోకీ రానివ్వరు.

ఆ సాయంత్రం కట్ట మీద నిలబడి జ్ఞానరాజు ఇదంతా ఆలోచిస్తుండగానే చిన్న ఈరన్న మందను తోలుకొని తిరిగి వచ్చాడు.

"ఈ పొద్దు వద్దులే ఈరన్నా."

"ఏమప్పా? నీళ్ళు గూడ చల్లిండారే."

"వద్దులే."

"రేపు తోలుకొని రావల్లనా?"

జ్ఞానరాజు చేతిలోని గడ్డపారను కింద పెట్టాడు. "నేనే చెప్పి పంపిస్తాలే."

ఈరన్న ఆశ్చర్యంగా చూసి మందను మళ్ళించుకొన్నాడు. రెండు రోజులు కబురు కోసం చూసి, మేత వెతుక్కొంటూ తుంగభద్ర ఒడ్డుకు వెళ్ళిపోయాడు. ఆ తర్వాత జ్ఞానరాజు కట్ట మీద గడ్డపార పొడిచి చూడడం మానేశాడు.

ఇంజనీరు వచ్చాడు. కర్రా గొలుసూ పట్టించి కట్ట పొడవూ ఎత్తూ చూశాడు. అన్నీ సరిపోయాయి. గుంతలు చూస్తారా అని జ్ఞానరాజే అడిగాడు. చూస్తే బాగుండునని మనసులో ఒక మూల ఉందో ఏమో!

"నువ్వు కొలిచినవాటిని మళ్ళీ నేను కొలవాలటయ్యా?" అని నవ్వాడు ఇంజనీరు. "కంట్రాక్టరు లేకుండా కూడా పని అవుతుందని చూపించావు. రోడ్డు పని కూడా నీకే ఇప్పిస్తాను."

రోడ్డు పని వస్తుందని తెలిసి జనం గుడిసెలు పీకకుండా కట్ట కిందనే ఉండిపోయారు. అక్కడ ఉండవద్దని జ్ఞానరాజు రెండుసార్లు చెప్పబోయాడు. ఎందుకని అడిగితే ఏం చెప్పాలి? ఎవరూ అడగకముందే నోరు మూసుకొన్నాడు. మొదట చిన్న జల్లులు పడితే కట్ట తనంతట తానే కొంత కుదురుకొంటుంది. అప్పుడు మరమ్మతు పేరుతో పదిహేను రోజులు పని అడిగి, పైన మట్టి పోయించి, ఈరన్నను పిలిపించి తొక్కించవచ్చు. అర్జీ రాసి పెట్టుకొన్నాడు కూడా. సీమ సీమంతా పెద్దవాన కోసం కప్పలకు పెళ్ళిళ్ళు చేస్తుంటే, జ్ఞానరాజు ఒక్కడు మోకరించి, ప్రభువా, మొదట చిన్న వాన ఇయ్యి అని వేడుకొన్నాడు.

ఆరుద్ర కార్తెలో మూడో రోజు మధ్యాహ్నం ఆదోని దిక్కున మబ్బు పట్టింది. మూడేళ్ళ బాకీ అంతా ఒక్క పూటలో తీర్చినట్టు కురిసింది. జనం గుడిసెల్లోంచి బయటికి వచ్చి వానలో తడిశారు, నవ్వారు, ఒకరినొకరు పట్టుకొని ఏడ్చారు. గంటన్నరకు వంక వచ్చింది. ఎర్రటి నీళ్ళు గుంతలను నింపి, దిమ్మెలను ముంచి, కట్టకు ఆనుకొని లేస్తూ పోయాయి. ఆడవాళ్ళు కట్టెక్కి పసుపూ కుంకుమా చల్లి వంకమ్మకు మొక్కారు. సుంకులమ్మ కూడా పిల్లవాణ్ణి గుడిసెలో ఈరక్క దగ్గర పడుకోబెట్టి వచ్చింది.

జ్ఞానరాజు కట్ట దిగువ వైపుకు పరిగెత్తి చూశాడు. సగం ఎత్తుకు పైన, గొర్రెలు తొక్కిన మట్టీ తొక్కని మట్టీ కలిసే చోట, తడి కనిపించింది. చూస్తుండగానే ఆ తడి వేలంత ధార అయింది.

"గుడిసెలు వదిలి గట్టెక్కండి! కట్ట ఆగదు! అందరూ పైకి రాండి!" అని గొంతు చించుకొన్నాడు. కట్ట మీద ఉన్న ఆడవాళ్ళు ఆ కేక విని ఒడ్డు వైపు పరిగెత్తారు.

గుడిసె వాకిట్లో కుండలు పెట్టి వాననీళ్ళు పడుతున్న ఈరక్క నవ్వింది. "నువ్వు దగ్గరుండి ఏయించిన కట్టేగదప్పా! దానికేమయితాది?"

అతను దిగి ఆమె చెయ్యి పట్టుకొని లాగేలోపల పై సగం కదిలింది. కూలలేదు, జారింది. ఆ తర్వాత వచ్చింది నీళ్ళే. జ్ఞానరాజును ఒక తుమ్మచెట్టు ఆపింది. ఎందుకు ఆపిందో ఆ చెట్టుకే తెలియాలి. ఇంకా పొద్దు ఉండగానే అంతా అయిపోయింది. పదకొండు మంది పోయారు. ఈరక్క మైలు దూరంలో దొరికింది. ఆమె చీరచెంగులో మూటగట్టినట్టు పిల్లవాడు కూడా దొరికాడు.

మూడో రోజు ఇంజనీరు వచ్చాడు. నీళ్ళు పోయి గుంతలు బయటపడ్డాయి. పైగడ్డలన్నీ కరిగిపోయి, దిమ్మెలు బోడిగా, తమ అసలు ఎత్తున నిలబడి ఉన్నాయి. ఇంజనీరు ఒకదాన్ని కొలిచాడు. ఇంకోదాన్ని కొలిచాడు. పుస్తకం తెరిచి చూశాడు.

"ఇక్కడ అడుగున్నర. నువ్వు రాసింది రెండుంబావు. ఏమయ్యా ఇది?"

గుంతల గట్టున నిలబడిన కూలీల్లోంచి గిడ్డయ్య ముందుకు వచ్చాడు. తల్లీ కొడుకూ పోయిన మనిషి, కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. ఈరక్క దిమ్మె మీద గడ్డ పెట్టిన మరుసటి వారమే ఆ సంగతి వాడికి తెలిసింది. "సామీ, ఆ దిమ్మెల మీద మేమే..." అని మొదలుపెట్టాడు.

"వాళ్ళకేం తెలీదయ్యా" అన్నాడు జ్ఞానరాజు గట్టిగా. "వాళ్ళకు ఇచ్చింది అడుగున్నరకే. రెండుంబావుకు రాసుకొని మిగతాది నేను తిన్నాను."

గిడ్డయ్య నోరు తెరిచినవాడు తెరిచినట్టే నిలబడిపోయాడు. ఇంజనీరు పుస్తకం మూశాడు. "నువ్వు కూడానా, జ్ఞానరాజూ" అన్నాడు. కోపంగా అని ఉంటే జ్ఞానరాజుకు సులువుగా ఉండేది, ఆయన బాధగా అన్నాడు. తాను తిన్నానన్న మాటే జ్ఞానరాజు స్టేట్‌మెంటులో రాసి సంతకం చేశాడు. జీతం మనిషికన్నా కంట్రాక్టరే నయమని బోర్డు పదిరోజుల్లో తేల్చింది. వంక పని మళ్ళీ ఆ మిద్దె లేపినవాడికే పోయింది.

కానిస్టేబులు అతన్ని కోసిగి స్టేషనుకు తీసుకుపోవడానికి బండి కట్టించాడు. జనం దూరంగా నిలబడి చూస్తున్నారు. జ్ఞానరాజు బండెక్కి కూర్చొన్నాక సుంకులమ్మ వచ్చి చక్రం పక్కన నిలబడింది. ఎవరూ ఆమెను ఆపలేదు. రవిక మీద పాలు కారి తడిసి ఉంది. ఇప్పుడు పాలు బాగానే పడుతున్నాయి.

"ఒక మాట అడుగుతా, చెప్పు" అంది. "కింద సగం గొర్రెలు తొక్కిండె. అది అట్లనే ఉండాది, చూడు. పైన సగమే కొట్టుకపాయ. చిన్న ఈరన్నను ఎందుకు రావద్దంటివి?"

జ్ఞానరాజు కట్ట వైపు చూశాడు. నిజమే, కింది సగం చెక్కుచెదరలేదు. జవాబు ఒక్క మాట. తొక్కిస్తే మట్టి తక్కువని తెలిసిపోతుంది, తెలిస్తే పైగడ్డలు బయటపడతాయి. పైగడ్డల సంగతి ఈమెకు తెలిసినా, గొర్రెలను ఆపింది వాటి కోసమేనని తెలియదు. ఆ పైగడ్డల్లో మొదటిది ఈమె అత్త పెట్టింది, ఈమె పాల కోసం పెట్టింది. చెబితే అతని మీద ఉన్న బరువు సగం దిగుతుంది. ఆ సగం ఎవరి మీదికి పోతుందో అతనికి తెలుసు. బతికినంతకాలం ఈ పిల్ల దాన్ని మోయాలి. గిడ్డయ్య జనంలోంచి అతని వైపే చూస్తున్నాడు. జ్ఞానరాజు వాడికి మాత్రం కనిపించేట్టు తల అడ్డంగా ఊపాడు.

"గొర్రెల ఈరన్నకు ఇయ్యాల్సిన దుడ్లు నేను తినేసినానమ్మా" అన్నాడు. "అందుకే రావద్దంటి."

సుంకులమ్మ అతని మొహంలోకి చూసింది. వంగి దోసిలి నిండా తడిమట్టి ఎత్తి అతని నెత్తిన పోసింది. "నా బిడ్డ నోట్లో మన్ను కొడితివి గదరా! నీ నోట్లో మన్ను పడ! నీకు దోసెడు నీళ్ళు పోసే దిక్కు లేకుండా పోను!" అని గుండెలు బాదుకొంది. ఆమె వెనక ఆడవాళ్ళంతా తలా ఒక దోసెడు ఎత్తుకొన్నారు. గిడ్డయ్య తల వంచుకొని పెళ్ళాన్ని భుజం పట్టుకొని పక్కకు తీసుకుపోయాడు. 

బండి కదిలింది. మొహం కడుక్కోమని దారిలో కానిస్టేబులు చెంబుతో నీళ్ళిచ్చాడు. జ్ఞానరాజు వద్దన్నాడు. కోసిగి చేరేసరికి ఆ మట్టి అతని నెత్తినే ఎండిపోయింది.